పెంచలయ్యన్న గొంతు

నిన్న గ్యాసు ఆఫీసుకు ఫోన్ చేస్తే "దయచేసి లైన్‌లో ఉండండి" అని ఒక అమ్మాయి తియ్యగా చెప్పి, వెనకాల వీణ పెట్టి వెళ్లిపోయింది. పావుగంట విన్నాను. పెట్టేయమని మా ఆవిడ విసుక్కుంది. నేను పెట్టలేదు. అవతలి మనిషి గొంతు వినిపించేదాకా కదలకూడదన్న బుద్ధి నాకు పెంచలయ్యన్న నేర్పింది. ఆ వీణ మధ్యలో ఆయనే గుర్తొచ్చాడు.

గూడూరుకు తూర్పున, ఉప్పుగాలికి తలుపు గడియలు కూడా తుప్పుపట్టే ఊళ్లో చిన్న కరెంటు సబ్‌స్టేషన్. నేను కొత్త ఆపరేటర్ని, ఆయన పాత లైన్‌మన్. ఆ ఊళ్లో లైన్ అన్న మాట చెయ్యని చాకిరీ లేదు. కరెంటు పోతే లైన్ పోయింది. రేషన్ షాపు ముందు నిలబడితే లైన్. ఎవరబ్బాయి ఎవరమ్మాయికి వేస్తున్నాడో అదీ లైనే. డిగ్రీ అయ్యాక ఏ లైన్‌లోకి పోతావని మా నాన్న అడిగితే మూడేళ్లు నీళ్లు నమిలి, చివరికి అక్షరాలా లైన్‌లోకే వచ్చి పడ్డాను.

పెంచలయ్యన్న కూడా ఆ మాటను అన్నిటికీ వాడేవాడు. కానీ "లైన్ తీసుకుంటాండా" అన్నప్పుడు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. స్తంభం ఎక్కేముందు ఆ తీగల్లో కరెంటు ఆపమని ఫోన్‌లో అడగడమే లైన్ తీసుకోవడం. నేను ఆపి, పుస్తకంలో ఆయన పేరు రాసి, స్విచ్చుకు ఎర్ర అట్ట తగిలించాలి. పనయ్యాక ఆయన ఫోన్ చేసి లైన్ తిరిగిస్తాడు.

"తీసుకున్నోడే తిరిగియ్యాల. కలెక్టర్ అడిగినా ఇయ్యబాకు. నా గొంతు వినాల" అన్నాడు మొదటిరోజే.

జలుబు చేసి గొంతు మారితే ఎట్లా అన్నాను, తెలివి చూపిద్దామని. ఆయన నవ్వలేదు.

"జలుబు తగ్గిందాకా ఆగు."

ఆ ఏడాది వానలు తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, రొయ్యల గుంటల దగ్గర తీగ తెగితే లైన్ తీసుకుని వెళ్లాడు. ఆకు కదలని ఉక్క. గుంటల్లో నీళ్లు చిలికే ఫ్యాన్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. అక్కడి రైతు రమణయ్య జనరేటర్ ఆ రోజే మొరాయించింది. గంట తర్వాత ఫోన్ మోగింది. నంబరు పెంచలయ్యన్నది, గొంతు రమణయ్యది.

"మీ అన్న దిగినాడు సార్. లైన్ ఇచ్చేయండి, రొయ్యలు పైకి తేలతాండాయి."

అన్నకివ్వమన్నాను. ఫోన్ బండి సంచిలో పెట్టిపోయాడని, ఆయన అవతలి గట్టున ఉన్నాడని, పిలిస్తే వినపడదని చెప్పాడు. అయితే పోయి పిలుచుకురమ్మన్నాను. రమణయ్య బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు. తిట్లను ఓర్చుకోవచ్చు. రెండుసార్లు నా చెయ్యి ఎర్ర అట్ట దాకా పోయి వెనక్కి వచ్చింది. చాలాసేపటికి ఆ గొంతు వినిపించింది. "పెంచలయ్యను. దిగినా. లైన్ తిరిగిస్తాండా."

సాయంత్రానికి సగం గుంట పోయిందని తెలిసింది. రమణయ్య ఫోన్ చేసినప్పుడు నిజంగా ఎక్కడున్నావని అన్నను అడిగాను.

"కిందనే ఉండా. కాళ్లు కడుక్కుంటా ఉండా."

రమణయ్య నిజమే చెప్పాడు. తప్పు చేశానా అన్నాను.

"నేను దిగింది ఆయనకు తెలుసు. నీకు తెల్దు గదబ్బయా" అన్నాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు. "పద, ఆయన దగ్గరికి పోదాం. తిడతాడు. ఇద్దరం పడదాం."

రమణయ్య తిట్టాడు. పెంచలయ్యన్న తలొంచుకుని విని, ఫోన్ బండిలో వదిలిపెట్టింది తానేనని, అబ్బయను ఏమీ అనొద్దని చెప్పాడు. మర్నాటినుంచి ఆయన ఫోన్ ప్లాస్టిక్ కవర్లో, తాడుతో మెడలో వేలాడింది. రిటైరయ్యేదాకా దాన్ని తియ్యలేదు.

ఇప్పటికీ ఇంట్లో ఒకరి మాట ఇంకొకరు మోసుకొస్తే "తననే చెప్పమను" అంటాను. మా ఆవిడ దానికి చాదస్తమని పేరు పెట్టింది. మంచి పేరే.

రెండేళ్ల కిందట ఒక పొద్దున ఫోన్‌లో పెంచలయ్యన్న నంబరు కనిపించింది. ఎత్తితే ఆయన కూతురు. నాన్న పోయినాడని చెప్పింది. నేను అలవాటుకొద్దీ "అన్నకివ్వమ్మా" అన్నాను.