నలభై నాలుగు సైజు చొక్కా

నేను రిటైరవడానికి పద్నాలుగు నెలల ముందు, ఒక నవంబరు సోమవారం ఉదయం, నోయిడాలోని మా స్టూడియోకి తెల్ల చొక్కాల పెట్టె వచ్చింది. అప్పటికి నేను అక్కడ వార్డ్‌రోబ్ ఇన్‌చార్జిని. ఈ ఉద్యోగమేమిటో చాలామందికి తెలియదు కనుక చెబుతాను. బట్టల కంపెనీలు అమ్మబోయే రకాల్ని ముందుగా ఒకటో రెండో కుట్టించి ఫొటోల కోసం పంపుతాయి. వాటిని సాంపిళ్ళంటారు. వాటిని దింపుకోవడం, ఆవిరి పట్టి ముడతలు తీయడం, మోడల్‌కు తొడిగి వీపు వెనక క్లిప్పులు పెట్టి, ముందునుంచి ఒంటికి అతికినట్టు కనబడేలా చేయడం నా పని. మీరు ఫోన్లో చూసి ముచ్చటపడే చొక్కాల్లో చాలావాటికి వెనక నాలుగైదు క్లిప్పులుంటాయి. నమ్మితే నమ్మండి.

మాది తెనాలి దగ్గర. మా ఆయన సైన్యంలో సుబేదారుగా చేశారు. ఢిల్లీ కంటోన్మెంటులో ఉన్నప్పుడు అక్కడి కుట్టు కేంద్రంలో కత్తెర పట్టడం నేర్చుకున్నాను. ఆయన రిటైరయ్యాక ఘాజియాబాద్‌లో ఇల్లు తీసుకున్నాం. నేను ఒక ఎగుమతి కంపెనీలో కొన్నేళ్ళు చేసి, తర్వాత ఈ స్టూడియోలో చేరాను. అందరికీ దుర్గా దీదీని. నా కళ్ళబడకుండా గుండీ కూడా ఊడదని పేరు. ఆ పేరు నా తలకి కాస్త ఎక్కింది కూడా.

వచ్చిన చొక్కాలు మరక అంటని రకం. మామూలు చొక్కా మీద బురద పడితే ఎలా ఉంటుందో, తమ కొత్త గుడ్డ మీద పడితే ఎలా జారిపోతుందో చూపించాలని కంపెనీవాళ్ళ కోరిక. మోడళ్ళు ఇద్దరు. ఇద్దరికీ రెండు రకాలూ తొడిగి నాలుగు ఫొటోలు తీయాలని కాల్ షీటులో ఉంది. కాల్ షీటంటే ఆ రోజు ఎవరు ఏ బట్టలో ఎన్ని గంటలకు నిలబడాలో రాసిన కాగితం. మోడళ్ళలో కరణ్ ఢిల్లీ పిల్లాడు, పాల రంగు, నలభై సైజు. రెండోవాడు డేనియల్. జాంబియా నుంచి వచ్చి గ్రేటర్ నోయిడాలో ఫార్మసీ చదువుతున్నాడు. బొగ్గులాంటి నలుపు, ఆరడుగుల పైన మనిషి, నలభై నాలుగు సైజు.

పెట్టె విప్పితే మూడే చొక్కాలున్నాయి. మామూలు రకం రెండు సైజుల్లోనూ వచ్చింది. కొత్త గుడ్డది మాత్రం నలభై సైజులోనే వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్ద చొక్కాను క్లిప్పులతో చిన్నది చేయగలం గానీ చిన్నదాన్ని పెద్దది చేసే విద్య ఆ బ్రహ్మకు కూడా రాదు. మళ్ళీ కుట్టించాలంటే రెండు రోజులు పడుతుంది. ప్రొడక్షన్ హెడ్ వికాస్‌ని అడిగితే, ఫోను చెవి దగ్గరనుంచి తీయకుండానే, "దీదీ, మేనేజ్ కర్ లో నా" అన్నాడు, ఎలాగోలా సర్దేయండి అని.

పది నిమిషాల్లో మేనేజ్ చేశాను. కొత్త చొక్కా కరణ్‌కి, మామూలు చొక్కా డేనియల్‌కి. నాలుగు ఫొటోలకు బదులు రెండు. ముల్తానీ మట్టిలో కాఫీ పొడి కలిపి బురద చేసింది నేనే. మగ్గుతో ఇద్దరి గుండెల మీదా కొట్టిందీ నేనే. కరణ్ చొక్కా మీంచి చుక్క మిగలకుండా జారిపోయింది. డేనియల్ చొక్కా మెడనుంచి నడుము దాకా గోధుమరంగు మరకైపోయింది.

అతను కిందికి చూసుకుని నవ్వాడు. "ఆంటీ, కీచడ్ సిర్ఫ్ మేరే లియే?" అన్నాడు, బురద నాకొక్కడికేనా అని. "సైజ్ కీ బాత్ హై బేటా" అన్నాను నేను, అంతా సైజు గొడవ నాయనా అని. అందరం నవ్వాం. నవ్వు వచ్చింది కనుక తప్పేమీ లేదనుకున్నాం.

ఆ ఫొటోలు అయిదుగురు చూసి సరే అన్నారు. ఫొటోగ్రాఫర్ వెలుతురు చూశాడు, వికాస్ ఫోకస్ చూశాడు, కంపెనీ ప్రతినిధి గుడ్డ రంగు చూసింది. అందరూ విడివిడిగా ఒక్కో ఫొటో చూశారు. పై అంతస్తులో డిజైన్‌వాళ్ళు రెంటినీ పక్కపక్కన అతికించి, ఒకదాని కింద 'నిన్నటి చొక్కా' అనీ రెండోదాని కింద 'రేపటి చొక్కా' అనీ రాశారు. గురువారం అది కంపెనీ యాప్‌లోకి ఎక్కింది.

శుక్రవారం ఉదయం మెట్రోలో ఉండగా మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరో ఆ బొమ్మ పెట్టారు. అప్పుడు చూశాను. మురికిగా నల్లవాడు, శుభ్రంగా తెల్లవాడు. ఎవరూ వివరించనక్కర్లేదు, పసిపిల్లలకైనా అర్థమవుతుంది. దిగాల్సిన స్టేషను దాటిపోయి వెనక్కి రావలసి వచ్చింది.

మధ్యాహ్నానికి టీవీలో చర్చలు మొదలయ్యాయి. ఇది జాత్యహంకారమే, కంపెనీ క్షమాపణ చెప్పాలని కొందరన్నారు. ప్రకటన ప్రకటనే, దాంట్లో రంగెందుకు వెతుకుతారని ఇంకొందరన్నారు. అంతవరకైతే బాగానే ఉండేది. మూడో రకం కూడా బయల్దేరారు. అసలు ఈ ఆఫ్రికావాళ్ళని మన కాలనీల్లో ఎవరు ఉండమన్నారు, ఆ ఫొటోలో ఉన్నవాడెక్కడుంటాడో చెప్పండి, మేం చూసుకుంటాం అని రాయసాగారు. మా స్టూడియో గేటు దగ్గర రెండు టీవీ బళ్ళు ఆగాయి. వాటి పక్కన ఏ టీవీకీ చెందని కుర్రాళ్ళు ఏడెనిమిది మంది నిలబడి లోపలికీ బయటికీ వెళ్ళేవాళ్ళ మొహాలు ఫోన్లతో తీస్తున్నారు. సెక్యూరిటీ భయ్యా మమ్మల్ని వెనక తలుపులోంచి పొమ్మన్నాడు.

సాయంత్రం వికాస్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు. డేనియల్ చేత ముప్ఫై సెకన్ల వీడియో చేయించాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. తన పేరు, కాలేజీ పేరు చెప్పి, నాకేమీ అవమానం జరగలేదు అంటే గొడవ చల్లారుతుందని వాళ్ళ ఆలోచన. మోడళ్ళని పంపే ఏజెంటు ఫోను కట్టేసుకున్నాడు. డేనియల్ నంబరూ అడ్రసూ ఉన్నది నా దగ్గరి ఫిట్టింగ్ కార్డులో ఒక్కచోటే. కొలతల కోసం మోడల్ మొదటిసారి వచ్చినప్పుడు రాయించుకునే కార్డది. వెతికి ఇస్తానన్నాను. వెతికేదేముంది, నా సొరుగులో పైనే ఉంది. దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి పోయాను.

దారిలో డేనియల్‌కి ఫోను చేశాను. గొంతు తగ్గించి మాట్లాడాడు. గదిలో లైటు వేయకుండా కూర్చున్నాడట, పొద్దుటినుంచి ఏమీ తినలేదట. ఇంటి ఓనరు వచ్చి, కొన్నాళ్ళు ఎక్కడికైనా వెళ్ళు, గొడవలు మాకొద్దు అన్నాడట. కానీ అతని అసలు భయం వేరే. విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేయకూడదు. ఈ సంగతి మా స్టూడియోలో అందరికీ ఎంతో కొంత తెలుసు. అడిగితే తెలుసుకోవాల్సి వస్తుందని ఎవరూ అడగరు. పేరు బయటపడితే చదువు ఆగిపోతుంది, ఇంకో ఆర్నెల్లలో చేతికొచ్చే డిగ్రీ వదిలేసి దేశం వెళ్ళిపోవాలి.

"ఆంటీ, మేరా నామ్ మత్ దేనా" అన్నాడు. నా పేరు ఇవ్వొద్దు అని. మూడుసార్లన్నాడు.

ఇవ్వను అని వెంటనే అనలేకపోయాను. చూస్తాను బేటా అన్నాను. నాకూ భయమే. ఇన్నేళ్ళ సర్వీసు చివర్లో నన్ను తీసేస్తే, ఆ మచ్చ మోసుకుంటూ ఇంట్లో కూర్చోవాలి కదా అని భయం. బురద కొట్టింది నేనేనని తెలిస్తే గేటు దగ్గరి కుర్రాళ్ళ ఫోన్లు నావైపు తిరుగుతాయని ఇంకా పెద్ద భయం.

ఇంటికెళ్ళి మా ఆయనతో అంతా చెప్పాను. ఆయన టీవీ కట్టేసి విన్నారు. "చూడు దుర్గా, పటాలంలో తప్పు జరిగితే ఫస్టు రిపోర్టు ఎవడిదైతే వాడి మాటే ఫైల్లో నిలబడుద్ది. ఆళ్ళు ఆ పిల్లోడి చేత చెప్పించేలోపే నువ్వు రాసి పడెయ్. నీ పేరుతో జరిగింది జరిగినట్టు తేలితే, ఆడి పేరు ఎవడిక్కావాలి?" అన్నారు. ఆయన అంత తేలిగ్గా అనేసరికి ఒళ్ళు మండింది. నిలబడాల్సింది నేను గదా! కానీ వేరే దారి నాకూ కనపడలేదు.

శనివారం అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి రిపోర్టు మొదలుపెట్టాను. నాలో అప్పటిదాకా ఒక ధైర్యం ఉంది. ఫ్యాక్టరీ నలభై నాలుగు పంపలేదు, నేనేం చేయను అని. పైగా నేనూ తెల్లదాన్ని కాను. చిన్నప్పుడు మా మేనత్త నన్ను కర్రిదానా అనే పిలిచేది. ఢిల్లీ వచ్చాక మద్రాసీ అనిపించుకున్నాను. రంగు చూసి మనిషిని తక్కువ చేసే బుద్ధి నాకెందుకుంటుందని నా ధీమా. ఫ్యాక్టరీ తప్పు రుజువు చేద్దామని ఇండెంటు కాపీ తీశాను. ఏయే సాంపిళ్ళు ఏ సైజుల్లో కావాలో మేం ఫ్యాక్టరీకి రాసి పంపే కాగితమే ఇండెంటు.

నా దస్తూరీయే. మొదటి మోడల్, నలభై, రెండు రకాలూ తప్పనిసరి. రెండో మోడల్, నలభై నాలుగు, ఏది ఉంటే అది.

ఎవరు మొదటి మోడల్, ఎవరు రెండో మోడల్ అని నాకెవరూ చెప్పలేదు. కాల్ షీటు తీసి చూశాను. పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాయి. డేనియల్ ముందు, కరణ్ తర్వాత. తిప్పి రాసింది నేనే. ఎందుకు తిప్పానని ఎంత గుర్తుచేసుకుందామన్నా కారణం దొరకలేదు. ఆలోచించి చేసిన పనైతే కదా దొరకడానికి! చెయ్యి దానంతటదే తెల్లవాణ్ణి పైవరసలో పెట్టింది. ఈ రెండు రోజులూ పడ్డ భయం ఒక ఎత్తు, ఆ కాగితం చూశాక కలిగిన భయం ఒక ఎత్తు. ఇన్నేళ్ళలో ఇలాంటి ఇండెంట్లు ఇంకెన్ని రాశానో.

అంతా రాశాను. ఇండెంటు సంగతి కూడా ఒక వాక్యంలో రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. వికాస్ చదివి, "దీదీ, ఇది మీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. తెలుసన్నాను. కార్డేదీ అన్నాడు. నా దగ్గరే ఉంది, ఇవ్వను అన్నాను. వికాస్ చెడ్డవాడు కాదు, అతని మెడ మీదా కత్తి ఉంది. రిపోర్టు తీసుకుని పైకి వెళ్ళాడు. గంట తర్వాత వచ్చి, నా సంతకంతో రిపోర్టు ఉంది కనుక ఇక వీడియో అక్కర్లేదన్నారని చెప్పాడు. ఒక్క మార్పు మాత్రం కావాలన్నారట. ఇండెంటు వాక్యం తీసేయాలి. అది ఉంటే స్టూడియోకి జాతిభేదం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. సాంపిల్ కొరత అని ఉంటే చాలు.

తీసేశాను. డేనియల్ పేరు కాపాడడానికే ఒప్పుకున్నానని అప్పట్లో చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వాక్యం కొట్టేశాక నాకూ హాయిగా ఊపిరాడింది.

ఆ సాయంత్రమే కంపెనీ క్షమాపణ చెప్పి, సాంపిల్ కొరత వల్ల స్టూడియోలో ఒక సీనియర్ ఉద్యోగి తీసుకున్న నిర్ణయమని ప్రకటించింది. మర్నాటికి నా పేరు బయటికి పొక్కింది. నాలుగు రోజులు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు. అటువాళ్ళూ తిట్టారు, ఇటువాళ్ళూ తిట్టారు. లిఫ్టులో జనం మాటలు ఆపేసేవారు. మా ఆయన స్టూడియో గేటు దాకా దిగబెట్టి వెళ్ళేవారు. అయిదో రోజున లోకానికి ఇంకో గొడవ దొరికింది. నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు గానీ మూడు నెలలు స్టోరుగదిలో సర్దుడు పనికి వేశారు.

డేనియల్ మళ్ళీ మా స్టూడియోకి రాలేదు. మే నెలలో ఫోను చేశాడు. పరీక్షలు పాసయ్యాడట, మర్నాడు విమానమట. మీరు నా పేరు దాచారు, మా అమ్మకు మీ గురించి చెప్పాను, ఆవిడ మీకోసం ప్రార్థన చేస్తోంది అన్నాడు. సుఖంగా ఉండు బేటా అన్నాను. ఇండెంటు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ తల్లి ప్రార్థన పోగొట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు నన్ను ఏం నేర్చుకున్నారని అడుగుతుంటారు. కెమెరా ముందుకు వచ్చేసరికి దిద్దడానికి ఏమీ మిగలదు, అంతా ఇండెంటులోనే అయిపోతుంది అని చెబుతాను. ఎవరి కొలత మొదట రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో పెన్ను ఆపి చూసుకోమంటాను. మంచి సలహానే అంటారు. ఇండెంటులో ఆ తప్పు చేసింది ఎవరని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.