మా ఇంటి కోసం మా బావ ఏడ్చిన రోజు

ఇల్లు అమ్ముడుపోకపోతే ఏం చేయాలో నన్నడగకండి. ఏం చేయకూడదో మాత్రం నా అంత బాగా చెప్పేవాడు కూర్మన్నపాలెం నుంచి పెందుర్తి దాకా దొరకడు. పదేళ్ళ కిందట నేను వెలగబెట్టిన ఘనకార్యం వల్ల ఈ రోజుకీ మా ఆవిడ సుజాత రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళుతోంది. నవ్వుకోండి, కానీ ఆమె ఎదుట వద్దు.

మాది కూర్మన్నపాలెంలో రెండు గదుల ఇల్లు. సుజాత ఆఫీసు మద్దిలపాలెంలో. బస్సుల్లో నిలబడి నిలబడి ఆమె పాదాలు వాచిపోయేవి. ఆఫీసుకు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఫ్లాటు దొరికింది. ఓనరు మంచివాడు, మీ ఇల్లు అమ్ముకునేదాకా నెల రోజులు ఆగుతానన్నాడు. ఇక్కడేమో మా ఇంటిది దక్షిణం వాకిలి. వచ్చినవాళ్ళు గుమ్మం చూసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. మే నెల చలివేంద్రంలో కూడా అన్ని గ్లాసులు ఖర్చై ఉండవు.

మూడో వారంలో నూకాలమ్మ వచ్చింది. హార్బరులో వేలంలో చేపలు పాడుకుని, ఊళ్ళో అమ్ముకునే మనిషి. కొడుక్కి ఈ పక్కన పని దొరికిందని ఇల్లు వెతుకుతోంది.

"నీల్లు బాగొత్తాయా బాబూ?"

"రోజూ వత్తాయమ్మా. వాకిలే, దక్షిణం..."

"అయితే ఏటి? గాలొత్తాది కదా. ఆదోరం వచ్చి మాట కాయం సేసుకుంటాం."

బుద్ధున్నవాడు ఎవడైనా ఆదివారం దాకా నోరు మూసుకుని కూర్చుంటాడు. నాకు తెలివి పొంగింది. ఒకసారి హార్బరులో ఒకే గంప వంజరం చేపల కోసం ఇద్దరు పోటీపడి ధర ఎక్కడికో లేపేయడం చూశాను. ఇంటికీ అలాగే పోటీ పెడదామని పెందుర్తిలో ఉన్న మా అక్క మొగుడు అప్పలరాజు బావకి ఫోన్ చేశాను.

"బావా, ఆదోరం మా ఇల్లు కొనడానికి రావాల."

"నాకెందుకురా మీ ఇల్లు?"

"కొనక్కర్నేదు. ఆవిడ ముందర ఆశ సూపిత్తే సాలు."

సుజాత వింది. "కొంటానన్న మనిషి దగ్గర ఈ నాటకాలేటండీ? నా కాళ్ళు చూసైనా ఊరుకోండి" అంది.

"నువ్వు చూస్తూ ఉండు" అన్నాను. పాపం, ఇప్పటికీ చూస్తూనే ఉంది.

మా బావకి చిన్నప్పుడు ఊరి నాటకాల్లో వేషం ఇవ్వలేదన్న బాధ ఒకటుంది. ఆ బాధంతా ఆదివారం మా వంటగదిలో నూకాలమ్మ ముందు తీర్చుకున్నాడు. గోడలు నిమిరాడు. తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"ఇలాటి ఇంటికోసం నా ఇల్లాలు పన్నెండేళ్ళుగా మొక్కుకుంటంది. దేవుడి పటం ఈ మూలే పెడతాననీసింది" అన్నాడు.

ఆ ఇల్లాలు, అంటే మా అక్క, ఆ సమయానికి తన సొంత మేడ మీద వడియాలు ఎండబెట్టుకుంటోంది. ఇక చాలని కన్ను గీటాను. బావ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు కాబోలు, నేల మీద కూలబడి నిజంగానే ఏడ్చాడు.

ఇప్పుడు ధర పెంచుతుందని నూకాలమ్మ వైపు తిరిగాను. ఆవిడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"సేపలైతే పోటీకి పాడతాం బాబూ. ఒకలు ఏడిసిన గూటి మీద పాడకూడదు. ఉసురు తగుల్తాది. ఇల్లు ఆ బాబుకే ఇచ్చీ."

"అది కాదమ్మా, ఆయన ఇంకోటి చూసుకుంటాడు..."

"నా సేతిలో సెయ్యేసి సెప్పు. ఇంకొకలికి ఇవ్వవు కదా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. అది నోటిదాకా వచ్చి పరువు దగ్గర ఆగిపోయింది. చెయ్యి మాత్రం వెళ్ళి ఆవిడ చేతిలో పడింది.

నెల గడిచింది. ఫ్లాటు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. సుజాత తిట్టి ఉంటే బాగుండేది. క్యారేజీ సర్దుకుని బస్టాపుకి వెళ్ళిపోయింది. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

కథ అక్కడితో అయిపోలేదు. నూకాలమ్మ మా పక్క వీధిలోనే ఇల్లు కొంది. లుంగీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్న నన్ను చూసి ఆగింది.

"నువ్వింకా ఈడే ఉన్నావేటి బాబూ?"

"ఇల్లు కొన్నాయన దగ్గరే అద్దెకుంటన్నానమ్మా."

అంతే. పదేళ్ళుగా నా ఇంట్లో నేను అద్దెకుంటున్నాను. ఇల్లు అమ్ముదామన్నా, నాది కాని ఇంటిని ఆవిడ కళ్ళముందు ఎలా అమ్మను? బావ భోజనానికి వస్తే చాలు, ఆవిడ గుమ్మంలోనే పట్టుకునేది.

"అద్ది పెంచకు బాబూ. ఆ పిల్ల బస్సుల్లో నలిగిపోతంది."

"పెంచన్లే అమ్మా" అనేవాడు బావ, ఎంతో దయగా.

మొన్న నూకాలమ్మ చేపలు పట్టుకుని వచ్చి మెట్టు మీద కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"మీ ఇంటి ఓనరు బాబుతో మాటాడేసినాను. పదేళ్ళు అద్దికున్నోడు, ఇల్లు ఆడికే అమ్మమన్నాను. ముందు బెట్టు సేసాడు గానీ, సేతిలో సెయ్యేయించుకున్నాను. ఇంక నువ్వు కొనేసుకో."

ఆఫీసుకు బయల్దేరుతున్న సుజాత గుమ్మంలో ఆగిపోయింది. "ఏటండీ, కొందామా?" అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత వాచీ చూసుకుని, బస్సు వెళ్ళిపోతుందని గబగబా నడిచింది. ఆ నడకలో కుంటు ఉంది.

అందుకని మా దక్షిణం గుమ్మం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా ఇంటి కోసం ఇంకొకరిని ఏడిపించను. ఏడవాల్సి వస్తే నేనే ఏడుస్తాను. ఈ ఆదివారం నూకాలమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. సుజాత కూడా వస్తానంది. నూకాలమ్మ తిడుతుంటే నన్ను ఓదార్చడానికి కాదట, మధ్యలో నేను ఇంకో అబద్ధం ఆడకుండా కాపలాకి.