బతికున్నవాళ్లకి పెట్టని టేపు

నర్సీపట్నంలో మిషన్ కాంపౌండు వెనక సందులో సాల్మన్‌రాజు శవపెట్టెలు చేస్తాడు. చర్చి బల్లకి కాలు ఊడినా, సంఘంలో ఎవరైనా పోయినా కబురు ఆయనకే వెళ్తుంది. తండ్రి నుంచి వచ్చిన పని. పనితోపాటు ఒక కట్టుబాటు కూడా వచ్చింది. జేబులో ఉండే కొలత టేపు చెక్కకి పెట్టాలి, పోయినవాళ్లకి పెట్టాలి. బతికున్న మనిషికి పెట్టకూడదు.

"అది బైబిల్లో ఏ వాక్యంలో ఉంది సాల్మన్‌రాజుగారూ?" అని పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ అడిగారు.

"వాక్యంలో లేదండి. మా నాన్న సెప్పేడు."

ఇంట్లో ఆ టేపు ఎవరూ ముట్టుకోరు.

ఈ వేసవిలో సండే స్కూలు పిల్లలకి ఒక మాట ఇచ్చారు. నలభై వాక్యాలు అప్పజెప్పినవాళ్లని విశాఖ దారిలో కొత్తగా పెట్టిన పార్కుకి తీసుకెళ్తారు. ఆ పార్కులో దెయ్యాల గుహ ఉంది. నాలుగు గోడల మధ్య, చీకట్లో, పట్టాల మీద బండి ఎగిరి పడుతూ పరిగెడుతుందట. సాల్మన్‌రాజు మనవరాలు, ఎనిమిదేళ్ల కెజియా, నలభై వాక్యాలూ నేర్చుకున్నది ఆ బండి కోసమే. తల్లి ఎస్తర్ రాణికి సెలవు దొరక్క, తోడుగా తాత బస్సెక్కాడు.

గుహ గేటు పక్కన చెక్కతో కోసిన అస్థిపంజరం బొమ్మ నిలబెట్టి ఉంది. చాచిన చేతి మీద నూట ఇరవై సెంటీమీటర్లని రాశారు. తల ఆ చేతికి తగిలితేనే లోపలికి వదులుతారు. కెజియా వెళ్లి దాని కింద నిలబడింది. రెండు వేళ్ల ఖాళీ మిగిలింది.

"తగల్లేదమ్మా. వచ్చే ఏడు వద్దువుగాని," అంది గేటు దగ్గరున్న దేవి. ఆమె పేరు చొక్కా మీద రాసి ఉంది.

కెజియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "తాతా, నువ్వు సెప్పు!"

సాల్మన్‌రాజు పిల్లని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "నాలుగడుగులకి అరంగుళం తక్కువుంటదమ్మా ఇది. మీ నూట ఇరవైకి సరిపోద్ది."

"కళ్లతో కొలిసేస్తే ఎలాగండి బాబూ? ఏటి మీరు, టైలరా?"

"కాదమ్మా. పెట్టెలు సేస్తాను."

ఏం పెట్టెలో ఆమె అడగలేదు.

"జేబులో టేపుంది కదండీ," అంది సండే స్కూలు టీచరు కరుణకుమారి. "పిల్లకి పెట్టి సూపించీండి. బేగి తేలిపోద్ది."

"కానియ్యి తాతా, ఎండ మండిపోతంది!" అని వరుసలో వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆయన టేపు బయటికి తీశాడు. కెజియా మడమలు రెండూ దగ్గర పెట్టి, ఊపిరి బిగబట్టి నిటారుగా నిలబడింది. సాల్మన్‌రాజు జానెడు టేపు లాగాడు. మళ్లీ వదిలేశాడు. అది టప్పున లోపలికి పోయింది.

ముప్పై ఏళ్లలో ఆయన కన్ను అరంగుళం తప్పింది లేదు. పిల్ల సరిగ్గా ఉంటే బొమ్మే తప్పయ్యుండాలి.

"నువ్వలా జరగవే," అని గొంతుక్కూచుని బొమ్మ కాళ్ల దగ్గర చూశాడు. "కింద ఈ సెక్క ఎవరెట్టేరమ్మా?"

"నేల కడిగినప్పుడు బొమ్మ తడిసిపోతందని మొన్న పెట్టేరండి."

"బొమ్మ సెక్క మీద నిలబడింది. పిల్ల నేల మీద నిలబడింది."

నేల నుంచి బొమ్మ చేతి దాకా టేపు పెట్టి చూపించాడు. నూట ఇరవై నాలుగు. దేవి సూపర్‌వైజరుని పిలిచింది. ఆయన కూడా వంగి చూసి, ఇద్దరు మనుషుల చేత చెక్క లాగించేశాడు. ఈసారి చెయ్యి కెజియా జుట్టుకి తగిలింది.

"మొన్నట్నుంచి ఎంతమందిని ఎనక్కి పంపీసేనో," అని దేవి తనలో తను అనుకుంది.

పిల్ల పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలన్నారు. సాల్మన్‌రాజు కూర్చున్నాడు. బండి చీకట్లో పడింది, లేచింది, పక్కకి విసిరింది. మలుపు దగ్గర ఎర్రలైటు వెలిగి పెట్టెల మూతలు తెరుచుకున్నాయి. ప్లాస్టిక్ శవాలు లేచి కూర్చున్నాయి. అన్ని పెట్టెలూ ఒకే కొలత. భుజాల దగ్గర వెడల్పు చాలదు. అంతవరకే ఆయన చూడగలిగాడు. తర్వాత కళ్లు మూసుకుని పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. కెజియా బయటికొచ్చేదాకా అరుస్తూనే ఉంది. వచ్చాక మళ్లీ ఎక్కుదామంది.

తిరుగు బస్సులో అడిగింది. "నన్ను కొలవకుండా బొమ్మనెందుకు కొలిసేవు తాతా?"

"తప్పు బొమ్మది కదే."

"మరి నన్నెప్పుడు కొలుస్తావు?"

ఆయన కిటికీలోంచి జీడితోటల వైపు చూశాడు. "ఈ టేపుతో కాదు," అన్నాడు.

సోమవారం హార్డ్‌వేర్ షాపులో కొత్త టేపు కొన్నాడు. దాన్ని పని దగ్గరికి తీసుకెళ్లలేదు, ఇంట్లోనే మేకుకి తగిలించాడు. వంటింటి గుమ్మం పక్కన పిల్లని నిలబెట్టి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. నాలుగడుగులకి అరంగుళం తక్కువ.

"ఇప్పుడు నువ్వు నిలబడు," అంది కెజియా, స్టూలు లాక్కొస్తూ.

అరవై ఒక్క ఏళ్లలో ఆయన ఎత్తు ఎవరూ కొలవలేదు. కాసేపు టేపు వైపు చూశాడు. చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించాడు.