రాళ్ళు అద్దే కూలి

ఎక్కడైనా సమ్మె మొదలైతే టీవీ చర్చల్లో ముందుగా వినిపించే ప్రశ్న ఒకటుంది: "అసలు వీళ్ళకు అంత జీతం దేనికి?" అడిగేవాడి జీతం దేనికో మాత్రం ఎవరూ అడగరు. ఈ ప్రశ్న మీద నేను ఏళ్ళ తరబడి వ్యాసాలు రాశాను, సభల్లో గొంతు చించుకున్నాను. అయితే ఎవరి సంపాదనకు ఎవరు అర్హులన్న వాదాన్ని అన్నిటికంటే సూటిగా విన్నది హైదరాబాదు పాతబస్తీలో, గౌలిపురలో మేముండే ఇంటి వాకిట్లోనే.

మాది పై వాటా. కింది వాటాలో లక్క గాజులు చేసే దంపతులు ఉంటారు. ముందు గదిలో ఆయన బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని లక్కను కాచి, సాగదీసి, గుండ్రంగా వంచుతాడు. ఆ సాదా గాజును ఆమె వేడి రేకు మీద పెట్టి, మెత్తబడిన లక్కలోకి సన్న పట్టుకారుతో రంగురాళ్ళను ఒక్కొక్కటే అద్దుతుంది. రాళ్ళు పడ్డాకే అది లాడ్‌బజార్‌లో దీపాల కింద మెరిసే గాజవుతుంది.

కూలి జతకింత అని. ప్రతి శనివారం సాయంత్రం దుకాణంలో సేటు దాన్ని ఆయన చేతికిస్తాడు. రాళ్ళద్దే పనికి వేరే రేటు లేదు. అడిగితే, "అది జతలనే ఉన్నది గదా" అంటారు. రాయి గాజులో కలిసిపోయినా కంటికి కనిపిస్తుంది. ఆమె కూలి ఆయన కూలిలో కలిసిపోయాక దాని జాడే ఉండదు.

పెళ్ళిళ్ళ సీజను ముందు, లక్క ధరా బొగ్గు ధరా పెరిగాయి, జత రేటు కూడా పెంచాలి అని ఆ సేటుకు గాజులు చేసిచ్చే కారీగర్లందరూ సమ్మెకు దిగారు. ఇంటింటికీ తిరిగి కుంపట్లు ఆర్పించారు. పొద్దున్నే వీధి చివర హోటల్ ముందు చేరేవాళ్ళు. నేను కూరగాయలకు వెళ్తుంటే కిందాయన కేకేసేవాడు.

"అక్కా, మీరు పేపర్ల రాయుండ్రి! సేటు ఏసీల కూసుంటడు, మేం నిప్పుల కాడ కూసుంటం. పైసల్ ఎవరికి రావాలె?"

"రాస్త గనీ, ముందు సేటు ఏమంటడో గూడ వినొద్దా?" అన్నాను.

"ఏమంటడు? చాయ్ తాగిపోమంటడు!"

మా నాన్న సంస్కరణ సభల మనిషి. చిన్నప్పుడు మాకు ఒక నియమం పెట్టాడు: ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగాకే ఖండించు. ఆ అలవాటు వదలక సేటు దుకాణానికి వెళ్ళాను. తరాలుగా ఆ బజారులోనే గాజులమ్మే కుటుంబం వాళ్ళది. నా వ్యాసాలు చదివి మరీ తిట్టే మనిషి.

"రామ్మా, దేవుడు లేడంటివి, సరే అన్న. ఇగ లాభం గూడ లేదంటే నేనేం గావాలె?" అని నవ్వాడు. "ఇయ్యాల వాళ్ళు పని బంద్ చేసిన్రు. రేపు సురువు చేస్తరు. హునర్ యాడికి పోతది, పనితనం వాళ్ళ చేతులనే ఉంటది. సీజన్ పోయినంక ఈ సరుకు ఎవడు కొంటడు? ఆ నష్టం నాదే గదా?"

మాటలో బలముంది. నష్టాన్ని భరించేవాడికి కొంత ప్రతిఫలం రావాలంటే కాదనను. కానీ సీజను బాగున్నప్పుడు ఆ ప్రతిఫలానికి పైహద్దు ఏదని అడిగాను. సేటు గిరాకీ వచ్చిందని లేచాడు. ఆయన ముఖంలో నాకు ఆందోళన ఏమీ కనిపించలేదు. కుంపట్లు ఆరి రోజులు గడుస్తున్నా అరల నిండా కొత్త గాజులు మెరుస్తూనే ఉన్నాయి.

శనివారం వచ్చింది. కారీగర్లందరూ దుకాణం ముందు నిలబడి నినాదాలిస్తున్నారు. కిందాయన గొంతే అందరికంటే పైన. సేటు గల్లా దగ్గర్నుంచి తల పైకెత్తి, ప్రతి వారం పిలిచినట్టే పిలిచాడు. "రా భాయ్, నీ పైసల్ తీస్కపో."

"ఏం పైసల్?"

"ఈ వారానివి. మీ ఇంటి సరుకు మంచిగొచ్చింది. రాళ్ళ పని ఒక నంబర్!"

అందరూ కిందాయన వైపు తిరిగారు. సేటు వాళ్ళలో చీలిక తేవడానికి అలా పిలిచాడో, అలవాటు కొద్దీ పిలిచాడో నాకిప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు.

జరిగింది ఇది. దుకాణంలో నిల్వ ఉన్న సాదా గాజులను సేటు మనిషి పెరటి దారిన ఇళ్ళకు చేర్చాడు. సమ్మె వాళ్ళు మగవాళ్ళ కుంపట్లు ఆర్పించారు కానీ ఆడవాళ్ళను పని ఆపమని చెప్పనేలేదు. ఎందుకు చెప్తారు? అది పని అని ఎవరికీ తోచలేదు. ముందు గదిలో కుంపటి ఆరితే ఆడవాళ్ళు వంటింట్లో పొయ్యి మీద పెనం పెట్టి, దాని మీద గాజులు వేడిచేసి రాళ్ళద్దారు. భర్తలు ఆ వంటింట్లోనే అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సమ్మెకు పోయారు.

ఆ సాయంత్రం కిందాయన వాకిట్లోకి వచ్చాడు, వెనక పదిమంది. నేను మెట్ల మీద నిలబడ్డాను.

"నడిబజార్ల ఇజ్జత్ తీసినవ్ గదనే! నేను సమ్మెల ఉంటే నువ్వు పని చేస్తవా?"

ఆమె చేతిలో పట్టుకారు అలాగే ఉంది. "సమ్మె మీది గదా. నాకెవరన్న చెప్పిన్రా? ఇంటింటికి వచ్చిన్రు, కుంపటి చూసిపోయిన్రు. వంటింట్లకు ఎవరొచ్చిన్రు?"

"నాకన్న చెప్పాలె గదా!"

"ఏం చెప్పాలె? నీ ముంగటనే చేసిన. నువ్వు చూడలే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక కారీగరు ముందుకొచ్చి, "భాభీ, అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడన్న బంద్ చెయ్యుండ్రి. మీరు ఆపకుంటే మా సమ్మె ఆగమైతది" అన్నాడు.

"ఆపుత. సేటును నాకోసం ఏం అడుగుతున్రు?"

"అందరికోసం అడుగుతున్నం గదా, జతకు..."

"జతల కలపొద్దు. రాళ్ళ రేటు వేరే గావాలె, నా చేతికి రావాలె. అది మీ డిమాండ్ల పెట్టుండ్రి, ఈ నిమిషమే పొయ్యి బంద్ చేస్త. లేదంటే రేపటి సరుకు గూడ వస్తది, అద్దుత."

ఇంత మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. కిందాయన ముఖం మాడిపోయింది. ఇటు ఆమె ఒప్పుకోదు, అటు తోటివాళ్ళు, తమ వంటిళ్ళలోనూ అదే పని జరిగినా, తనను ద్రోహిలా చూస్తున్నారు.

"ఒక్క ఇంట్లకు రెండు కూలీలా?" అన్నాడొకడు. "రేపు అన్నం వండినందుకు గిట్ల రేటు అడుగుతవా?"

"నా అన్నం సేటు తింటలేడు గద భాయ్. తింటే అడుగుత."

ఈసారి అందరూ నవ్వారు, అడిగినవాడు తప్ప. అప్పుడు గోడకానుకుని నిలబడ్డ ముసలి కారీగరు నోరు విప్పాడు. ఆయన భార్య పోయి చాలా కాలమైంది.

"లొల్లి ఎందుకు? మా ఇంటామె పోయినంక నా గాజులకు రాళ్ళు ఎవరద్దుతున్రు అనుకున్రు? పక్క గల్లీల బిడ్డకు ఇస్తున్న. జతకింత అని పైసల్ గడుతున్న. రేటు లేదు, రేటు లేదు అంటరేంది? నాకు ఎప్పటిసందో ఉన్నది."

భార్య బతికున్నన్నాళ్ళూ ధర లేని పనికి ఆమె పోయిన మర్నాడే ధర వచ్చింది. కూలి మీద నేను రాసిన పేజీలన్నీ కలిపినా ఇంత తేటగా లేవనిపించింది.

కిందాయన నావైపు తిరిగాడు. "అక్కా, మీరన్న చెప్పుండ్రి."

"ఏం చెప్పాలె భాయ్? లక్కకు, బొగ్గులకు అన్నీ కలిపే ఇస్తున్న గదా అని సేటు మీకు చెప్తడు. గదే మాట మీరు ఆమెకు చెప్తున్రు."

"గట్లంటే మీరు ఎవరి దిక్కు?"

"భాభీ దిక్కు."

కాసేపు గుసగుసలు. చివరికి ముసలాయనే తేల్చాడు: రాళ్ళ రేటు డిమాండ్లలో చేరుతుంది. ఆమె లోపలికెళ్ళి పొయ్యి ఆర్పింది. మర్నాడు ఇంటింటికీ తిరిగింది ఆడవాళ్ళే. ఈసారి వంటిళ్ళలోకి వెళ్ళారు. సేటు అరలు ఖాళీ కావడం మొదలయ్యాక కబురు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

రాజీలో జత రేటు అడిగినంత పెరగలేదు. రాళ్ళ రేటు వేరుగా వచ్చింది, ఆడవాళ్ళ చేతికే ఇచ్చేటట్టు. ఆడవాళ్ళకు పోయింది కాబట్టే మాకు తగ్గిందని కొందరు మగవాళ్ళు ఇప్పటికీ అంటారు. అందులో కొంత నిజముంది. సేటు తన లాభంలోంచి తీయాల్సినదాన్ని కొంత మగవాళ్ళ పెంపులోంచి తీశాడు. ఆ లెక్క సేటుతో తేల్చుకోవాలి. దానికి మరో సమ్మె కావాలంటే అదీ న్యాయమే. అందుకు ఆమె కూలిని తప్పుపట్టడం బుద్ధున్నవాళ్ళు చేసే పని కాదు.

రాజీ తర్వాతి శనివారం ఆమె బురఖా వేసుకుని, తన కూలి తెచ్చుకోవడానికి ఆయన పక్కనే బజారుకు నడిచింది. తిరిగొచ్చాక నేను నీళ్ళ మోటారు వేయడానికి కిందికి దిగాను. ఆయన కుంపటి ముందు కూర్చుని ఖాళీ బొగ్గుల సంచి దులుపుతున్నాడు.

"బొగ్గులు గావాలె" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"సగం పైసల్ నేనిస్త" అందామె. "నా రేకు గూడ దానిమీదనే కాగుతది."

ఆయన సంచి పక్కనపెట్టి ఆలోచించాడు.

"సగం ఎట్ల? లక్క కాగాలంటే మంట మస్తు గావాలె. నీ రేకుకు గంత వద్దు."

"గట్లయితే మూడోవంతు."

"ఆఁ, మూడోవంతు" అన్నాడాయన.

ఆమె మడిచిన నోటు విప్పి ఇచ్చింది. ఆయన చెప్పులేసుకుని బొగ్గులకు బయల్దేరాడు.