బంగారు చేపకు బఠాణీ వైద్యం

ఆ రోజుల్లో నాకు పనికీ తీరికకీ పెద్ద తేడా తెలిసేది కాదు. డిగ్రీ పూర్తయి, తర్వాత ఏం చదవాలో తేలక, నర్సీపట్నంలో ఒక పళ్ల డాక్టరుగారి దగ్గర పేర్లు పిలిచే ఉద్యోగంలో చేరాను. పేర్లు పిలవడం, ఎక్స్‌రే కవర్లు అందించడం, మిగతా సమయమంతా గోడవారనున్న అక్వేరియంని చూస్తూ కూర్చోవడం. మధ్యాహ్నం పూట కొండల మీద మబ్బు పట్టి, చింతపల్లి నుంచి వచ్చే బస్సులు తడిసిపోయి దిగుతుంటే, మా హాల్లో నీళ్లలోంచి ఒక ఆకుపచ్చ వెలుతురు లేచి గోడల మీదికి పాకేది. దవడ పట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఆ వెలుతుర్లో కాసేపు మూలగడం మరిచిపోయేవారు. (నేను పేర్లు పిలవడం మరిచిపోయేవాణ్ణి. డాక్టరుగారు లోపలినుంచి గుర్తు చేసేవారు.)

ఆ గాజు పెట్టెకి మహారాణి ఒక నారింజరంగు గోల్డ్‌ఫిష్. బూరెలా గుండ్రంగా, అప్పుడే నూనెలోంచి తీసినట్టు మెరుస్తూ ఉంటుందని డాక్టరుగారి అమ్మాయి దానికి బూరి అని పేరు పెట్టింది. ఆ పిల్ల ఇంటర్ చదువుకి ఆ ఏడే విశాఖపట్నం హాస్టల్లో చేరింది. సాయంత్రం హాస్టల్ వాళ్లు ఫోను చేతికివ్వగానే నాన్నకి వీడియో కాల్ చేసేది. తన సంగతి ఒక్క ముక్క చెప్పేది కాదు. "బూరిని చూపించన్నయ్యా" అని నన్ను అడిగేది. నేను ఫోను గాజు దగ్గర పట్టుకునేవాణ్ణి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకునేవారు.

ఒకరోజు పొద్దున్న షట్టరు తీసి చూద్దును కదా, బూరి వెల్లకిలా తేలుతోంది. చచ్చిపోలేదు. రెక్కలు మెల్లగా ఆడిస్తూ, తలకిందులుగా ఉన్నది నేనే అన్నట్టు నా వైపు చూస్తోంది. డాక్టరుగారు హెల్మెట్ తియ్యకుండానే వంగి చూశారు.

"పళ్ల జబ్బయితే చూద్దును" అన్నారు నీరసంగా.

"వీటికి పళ్లు గొంతులో ఉంటాయటండి" అన్నాను. అప్పుడే ఫోన్లో చదివాను. ఆయన నా వైపు చూసిన చూపుకి ఫోను జేబులో పెట్టేసుకున్నాను.

తెలిసిన పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "గేదా, ఆవా?" అన్నారు. చేపండీ అన్నాను. "సెరువెంత?" అన్నారు. నాలుగడుగుల గాజు చెరువని చెప్పేసరికి పాపం ఆయనకీ ఏమీ తోచలేదు.

రోగులకి మాత్రం తోచింది. కట్టుడు పళ్ల కోసం రావికమతం నుంచి వచ్చే మామ్మగారు, "దిట్టి తగిలీసినాది నాయినా. ఒచ్చినోలందరూ దాన్నే సూత్తారు గదా" అని, మాట్లాడుతూనే కొంగు ముడిలోంచి రస్కు తుంచి నీళ్లలో వేసింది.

"ఏటి మామ్మా అది?"

"రొట్టి ముక్క. ఒచ్చినపుడల్లా ఏత్తాను. నాను నమల్లేను, అదైనా తింటాదని."

"నానూ జంతిక ముక్క ఏత్తన్నాను" అన్నాడు పక్క కుర్చీలోని జీడితోట రైతు. అవతల ఇంకొకాయన పకోడీ అన్నాడు. ఊళ్లో పళ్లు నొప్పెట్టినవాళ్లంతా, తాము తినలేనిదల్లా బూరికి తినిపిస్తున్నారన్నమాట. ఫోన్లో మళ్లీ వెతికితే రోగం తేలింది. మలబద్ధకం. కడుపు ఉబ్బి, లోపలున్న గాలితిత్తిని నొక్కితే చేప తిరగబడుతుందట. ముందు ఉపవాసం, తర్వాత ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ.

"చేపకి ఉపవాసం, ఏమీ వేయకండి" అని అట్టముక్క మీద రాసి పెట్టాను. మామ్మగారు చదివించుకుని, "ఏకాసి ఉపాసమా?" అంది. జబ్బు పేరు చెప్పాను. "అలాగ సెప్పు. మా ముసిలోడికీ అదే" అని నెమ్మదించింది.

అసలు చిక్కు సాయంత్రం వచ్చింది. "పరీక్షలు దగ్గర పడుతున్నాయి దానికి. ఈ అవతారం చూస్తే ఏడుస్తుంది. చెప్పకు" అన్నారు డాక్టరుగారు. అందుకని బొమ్మ తిరగకుండా లాక్ చేసి, ఫోన్నే తలకిందులుగా పట్టుకున్నాను. తెర మీద బూరి నిటారుగా, నిక్షేపంగా కనిపించింది. మొదటి సాయంత్రం గడిచిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు ఆ పిల్ల తెరకి బాగా దగ్గరగా వచ్చి చూసింది. "అన్నయ్యా, బుడగలు కిందకెందుకెళ్తున్నాయి?"

"కొత్త మోటారమ్మా."

"ఫోను తిన్నగా పట్టుకో."

పట్టుకున్నాను. తను ఏడవలేదు. "ఏమీ తినట్లేదా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. "నేనూ తినట్లేదు" అంది నెమ్మదిగా. చేతికి గ్లౌజుతోనే డాక్టరుగారు నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే వెళ్లి కూతుర్ని తీసుకొచ్చారు. మనిషి సగమైపోయింది. అది బఠాణీల కాలం కాదు. బజారంతా తిరిగితే చివరికి ఐస్‌క్రీమ్ షాపు ఫ్రీజరు అడుగున ఒక ప్యాకెట్టు దొరికింది. ఒక్క గింజ చాలండీ అంటే షాపాయన ఎగాదిగా చూసి ప్యాకెట్టంతా అంటగట్టాడు. ఒక గింజ బూరికి, మిగతావన్నీ కుర్మాకి. డాక్టరుగారి భార్య పూరీలు చేసి క్లినిక్కుకే పట్టుకొచ్చారు.

అమ్మాయి ఉడికిన గింజకి గోటితో తొక్క తీసి, పలుకు చిదిపి నీళ్లలో పట్టుకుంది. బూరి వెల్లకిలానే నోట పట్టింది, ఉమ్మింది, మళ్లీ పట్టింది. డాక్టరుగారు పళ్లు చూసే చిన్న అద్దం నీళ్లలో ముంచి మరీ చూశారు. బయట సన్నగా వాన పడుతోంది. అమ్మాయి బూరిని చూస్తూ, తనకి తెలియకుండానే పూరీలు తినేసింది. ఎంతసేపలా కూర్చున్నామో తెలీదు. జరగవలసింది జరిగాక (మీరు భోజనం దగ్గర చదువుతుంటారేమో, వర్ణించను) బూరి ఒక పక్కకి ఒరిగింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మెల్లగా, చాలా మెల్లగా, నిటారైంది. అమ్మాయి గాజుకి నుదురానించింది.

"నాకక్కడ బాగోలేదు నాన్నా" అంది.

ఊరందర్నీ నోరు తెరవమనే మనిషి, ఆ రోజు కూతురు నోరు తెరిస్తే అడ్డు రాకుండా కూర్చుని విన్నారు. తిండి, గది, ఎవరూ పలకరించకపోవడం, అన్నీ చెప్పింది. ఇంట్లో వారం ఉండి, తనంతట తనే బయల్దేరింది, శనివారం శనివారం వచ్చేస్తాననే ఒప్పందం మీద.

నేనే బస్సెక్కించి వచ్చాను. హాల్లో రోగులు లేరు. డాక్టరుగారు రోగుల కుర్చీలో కూర్చుని చేపని చూస్తున్నారు. పక్క కుర్చీలో నేనూ కూర్చున్నాను. వెలుతురు మా ఇద్దరి చొక్కాల మీదా కదులుతోంది.

"అమ్మాయి వచ్చి వెళ్లినట్టు దీనికి తెలుస్తుందంటావా?" అని అడిగారు.

ఫోన్లో నాలుగు వ్యాసాలు చదివిన పండితుడిగా, ఏమాత్రం తడుముకోకుండా, "తెలుస్తుందండి" అన్నాను. ఆ సంగతి ఏ వ్యాసంలోనూ లేదు. ఇన్నేళ్లలో చేపల గురించి కొంచెం ఎక్కువే చదివాను. ఇప్పుడైతే అంత ధైర్యంగా చెప్పలేను.

ఆయన మాత్రం తలూపి, "నాకూ అలాగే అనిపించింది" అన్నారు.