తునికాకు పూలు

బడికి నేను చేసిన ఒకే ఒక్క మేలు బడి మానెయ్యడమేనని మా లెక్కల సారు చెప్పుకునేవాడట. అలాంటి నన్ను బోధన్‌లో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు పిలిచి, పని దొరకని పిల్లలకు కొత్తగా ఆలోచించి సొంతంగా వ్యాపారం పెట్టుకోవడం నేర్పమన్నారు. పెద్ద వ్యాపారులకు తీరిక లేదట. నాకు ఉంది. టెంట్ హౌస్ వాణ్ని, అది మూఢం, పెళ్లిళ్లు లేవు.

మొదటి రోజు ఎవరేం పెడతారో అడిగాను. మొబైల్ షాపు, మొబైల్ షాపు, మీ సేవ, మళ్లీ మొబైల్ షాపు. ఒకడు మాత్రం నిజం చెప్పాడు: దుబాయి వీసా వచ్చేదాకా ఇంట్లో తిట్లు తప్పించుకోవడానికి వచ్చాడట. చక్కెర ఫ్యాక్టరీ కూత ఆగిపోయిన ఊళ్లో ఇంకేం చెబుతారు. మీ ఇంట్లో ఊడ్చి పారేసేది ఏముందో చూడండి, దాంట్లోంచి ఏదైనా తియ్యండి అన్నాను. అదేమీ నేను కనిపెట్టిన సూత్రం కాదు, గంటసేపు ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

మరునాడు ఒక అమ్మాయి సంచి తెచ్చింది. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటోంది, తల్లి బీడీలు చేస్తుంది. బీడీకి తునికాకు కత్తిరించగా రాలిన ముక్కలను మా దగ్గర నీళ్ల పొయ్యిలో వేస్తారు. ఈమె వాటిని తడి ఆరకముందే రేకుల్లా మడిచి, బీడీ దారంతో కట్టి, పూలు చేసింది. ఆరాక రాగి రంగు తిరిగాయి. ప్లాస్టిక్ పూలు మోసీ మోసీ విసిగినవాణ్ని, ఒకటి చేతిలోకి తీసుకుని, ఇలాంటివి ఇంకెన్ని చెయ్యగలవని అడిగాను.

తల్లికి చూపు తగ్గుతోంది. వచ్చే పెళ్లిళ్ల సీజన్ అయ్యేలోగా వేరే దారి ఏదీ దొరక్కపోతే కూతురే బీడీల చాట ముందు కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు. మూఢం పోగానే మొదటి స్టేజీకి ఈ పూలే కడతానని మాటిచ్చాను. అది నచ్చితే ఆ సీజన్ స్టేజీలన్నీ ఆమెవే.

పెళ్లికూతురు మా ఊరి పిల్ల, మగపెళ్లివారు హైదరాబాద్ వాళ్లు. స్టేజీ నిండా తునికాకు పూలే కట్టాం. ఏసీ హాలు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. పొగాకు కంపు, ఇక్కడెవరో తంబాకు పెట్టుకున్నారని పెళ్లికొడుకు మేనత్త ముక్కు మూసుకుంది. నేను బ్యాండు వాళ్లను నిలదీశాను, నా పనివాళ్ల జేబులు తడిమాను. బోధన్ వాళ్లం అందరం గట్టిగా గాలి పీల్చి, ఏ వాసనా లేదని తేల్చాం. చాటల మధ్య పెరిగిన ముక్కులు మావి. ఆ వాసన తగిలితే ఇంటికి చేరామని తెలుస్తుంది తప్ప వాసన వచ్చిందని తెలియదు. ఆవిడ స్టేజీ ఎక్కి, ఒక పువ్వు తెంపి నా ముక్కు దగ్గర పెట్టింది. అప్పుడు కూడా నాకు ఆకు వాసనే వచ్చింది.

పెళ్లికూతురు తండ్రి నన్ను పక్కకు తీసుకుపోయాడు.

“మా ఇంట్ల గూడ బీడీలు చేస్తరన్నా, నాకు తెల్వదా. కని ఇయ్యాల వద్దు. తీసెయ్.”

ఆ ముడులు విప్పడం నా పనివాళ్లకు రాలేదు. తన స్టేజీ చూసుకుందామని కొత్త డ్రస్సులో వచ్చిన అమ్మాయే నిచ్చెన ఎక్కి ఒక్కొక్కటీ విప్పింది. నేను గోదాము నుంచి ప్లాస్టిక్ బంతిపూలు తెప్పించాను.

తర్వాత పూలను కడిగి చూసింది, ఎండలో పెట్టి చూసింది. ఏం లాభం. ఆకూ తంబాకూ ఒకే చాటలో ఉంటాయి, ఆ చాట ఉండేది వాళ్లకున్న ఒక్క గదిలోనే. వేరే గది ఎవరిస్తారు? పక్కింట్లోనూ బీడీలే, ఆ పక్కింట్లోనూ బీడీలే. శిక్షణ కేంద్రం వాళ్లను అడుగుదామని వెళ్తే కోర్సు అయిపోయింది, తాళం పడింది. గేటుకు కట్టిన బ్యానర్ నాదే కాబట్టి విప్పుకుని వచ్చాను. ఆ సీజన్ అన్ని స్టేజీలకూ బంతిపూలే కట్టాను.

సీజన్ చివర వాళ్లింటికి వెళ్లాను. తల్లి పక్కన ఆ అమ్మాయి, ఒళ్లో చాటతో కూర్చుని ఉంది. పాఠం చెప్పడం మరిగిన నోరు ఊరుకోదు కదా. పోతే పోయింది చెల్లె, కొనేవాళ్లకు ఏది నచ్చదో తెలిసింది, అదే పెద్ద చదువు అన్నాను.

ఆమె దారం తెంపి, చుట్టిన బీడీని కట్టలో పెట్టి, తల ఎత్తకుండానే అంది.

“గందుకే గిది పట్టుకున్ననన్నా. బీడీల తంబాకు వాసనొస్తున్నదని ఎవ్వడు వాపస్ పంపడు.”