సేవ్ నొక్కితే చాలన్నాను

2023 వేసవి. నేను నెల్లూరు దగ్గర కొడవలూరు మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. బడి పనితోపాటు, చుట్టుపక్కల మండలాల ఉపాధ్యాయుల కోసం ఒక వాట్సాప్ గ్రూపు నడిపేవాడిని. హాజరు యాప్ మొరాయిస్తే ఏం చేయాలి, మార్కులు ఎలా ఎక్కించాలి, సెలవు మారిందా లేదా, ఇలాంటివి అందులో పెట్టేవాడిని. ఏ కబురైనా ముందు నా గ్రూపులోనే వస్తుందని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

ఆ వేసవిలో బదిలీలు వచ్చాయి. బదిలీ అయ్యేవాళ్లు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. అంటే ఖాళీలున్న బడుల్లో తమకు కావలసినవి వరుసగా ఎంచుకుని ఆన్‌లైన్‌లో పంపాలి. చివరి రోజు పొద్దున ఆ పద్ధతంతా గ్రూపులో వివరించి, ‘ఆఖర్న సేవ్ నొక్కితే చాలు’ అని రాశాను. ఆ ఏడాది నాకు బదిలీ లేదు. ఆ పేజీ తెరిచి చూడనైనా లేదు. వెనకటిసారి చూసింది గుర్తు తెచ్చుకుని రాసేశాను.

మధ్యాహ్నం ఒక మాస్టారు ఫోన్ చేసి, సేవ్ తర్వాత సబ్మిట్ కూడా నొక్కాలని, ఫోనుకు వచ్చే ఓటీపీ కొడితేనే ఆప్షన్లు వెళ్తాయని చెప్పారు. వెంటనే గ్రూపులో సవరణ పెట్టాను. ఆ రోజే ఒక హెడ్మాస్టరు గారి పదవీ విరమణ. పూలదండల ఫొటోలు, శుభాకాంక్షలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడుతున్నాయి. వాటి మధ్య నా సవరణ ఎక్కడో మునిగిపోయింది. పెట్టాను కదా అనుకుని నేను భోజనానికి వెళ్లాను.

బదిలీల జాబితా వచ్చిన రోజు వసుంధర గారు ఫోన్ చేశారు. ఆవిడ చిన్న తరగతులు చెప్పే టీచరు, మా గ్రూపులోనే ఉన్నారు. ఉన్న బడిలో గడువు నిండి ఆ ఏడాది బదిలీ తప్పనిసరి. ఆరేళ్ల కూతురికి వినికిడి లోపం. చెవికి మిషను పెట్టించి, వారానికి మూడు రోజులు నెల్లూరు తీసుకెళ్లి మాటలు నేర్పిస్తున్నారు. భర్తకు కృష్ణపట్నం పోర్టులో షిఫ్టు డ్యూటీ. అందుకే నెల్లూరుకు దగ్గరి బడులే కోరుకున్నారు. ఆప్షన్లు అందనివాళ్లకు మిగిలిన బడి ఇస్తారు. ఆవిడకు నెల్లూరుకు చాలా దూరాన చిట్టమూరు మండలంలో, పులికాట్ సరస్సు పక్క పల్లె వచ్చింది.

“మీరు చెప్పినట్టే సేవ్ నొక్కినా సార్. నేను పెట్టిన బళ్లు ఒక్కటీ రాలా.”

సవరణ పెట్టాను, చూడలేదా అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

“తప్పు పెట్టింది చూసినా సార్. దిద్దింది చూడలా,” అన్నారావిడ.

మర్నాడు ఆవిడతో కలిసి విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లాను. పొరపాటు నాదేనని కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాను. అక్కడి అధికారి ఓపికగా చదివారు. గడువు దాటాక తమ చేతుల్లో ఏమీ లేదన్నారు. మెట్లు దిగుతూ ఆవిడ, పాపను నెల్లూరులో తన తల్లి దగ్గర వదిలి వెళ్లి చేరతానని చెప్పారు. నన్ను తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

రెండేళ్లు అక్కడే పనిచేశారు. శనివారం సాయంత్రం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కేవారు. ఈలోగా పాప మాటలు నేర్చుకుంది. చాలా మాటలు వాళ్లమ్మ మొదటిసారి విన్నది ఫోనులోనే.

2025లో మళ్లీ బదిలీలు వచ్చినప్పుడు, ఆప్షన్లు పెట్టేటప్పుడు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటానన్నాను.

“వద్దు సార్. ఈసారి నేనే చదువుకుంటా,” అన్నారు. ఈసారి నెల్లూరుకు దగ్గరి బడే వచ్చింది.

గ్రూపు నేనింకా నడుపుతున్నాను. నా చేత్తో చేసి చూడనిది ఏదీ పెట్టడం లేదు. అందుకని కబుర్లు కాస్త ఆలస్యమవుతున్నాయి, ముందుండే పేరు పోయింది. అయినా అప్పుడప్పుడూ తప్పు దొర్లుతుంది. అప్పుడు సవరణ పెట్టి ఊరుకోను. తప్పు పెట్టిన మెసేజి ఎవరెవరు చదివారో ఫోనే చూపిస్తుంది. ఆ పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఒక్కోసారి మధ్యాహ్నమంతా పడుతుంది. ఇంత చిన్న విషయానికి ఫోనెందుకు సార్ అని కొందరు నవ్వుతారు. దిద్దింది చూశారా అని అడిగి, చూశామన్నాక, పేరు పక్కన టిక్కు పెట్టి తర్వాతి నంబరు కలుపుతాను.